మరుభూమిలో కర్మాగారములు: చెట్టు నాటుటకు ముందు వేయవలసిన లెక్క



సహకార సంఘము సభ్యునకు ఋణ మిచ్చుటకు ముందు తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు: "ఈ సొమ్ము తిరిగి వచ్చు దారి యేది?" పైరు ఎంత పచ్చగా నుండు నన్నది ఆ పిమ్మటి మాట. మరుభూమిలో చెట్టు నాటువాడును మొదట ఇదే ప్రశ్న వేసికొనవలయును. అచ్చట అప్పు రూపాయలలో గాక నీటిలో నుండును. ఆ లెక్క చూడక నాటిన తోట రెండేండ్లు కన్నులపండువుగా నుండి, నీరు తగ్గిన మూడవ యేట మోడై, వెచ్చించిన ధనమునకు సాక్ష్యముగా మాత్రము నిలుచును. ఎండ తీవ్రమైన ఎడారి ప్రాంతముల పారిశ్రామిక వాడలలో పచ్చదనము నెట్లు నిలుపవలయునో, ఆ పనిలో నెచ్చట పొరపాట్లు జరిగినవో, అందలి పాఠములు మనకెట్లు పనికివచ్చునో ఈ వ్యాసమున తెలుపబడును.

"ఎడారి సంగతి మనకేల?" యని కొందఱు సభ్యు లడుగవచ్చును. కారణములు మూడు గలవు. మొదటిది, కరీంనగరు, జగిత్యాల, నిజామాబాదు, కడప, కోనసీమ ప్రాంతములనుండి మనవా రనేకులు గల్ఫు దేశముల ఎడారి పట్టణములకు పోయి, అచ్చటి కర్మాగారములందును కట్టడములందును ఎండలో పనిచేయుచున్నారు. రెండవది, పెద్ద పరిశ్రమలు మన మెట్టభూములకే వచ్చుచున్నవి. కర్నూలు సీమలో గని, శకునాల గ్రామముల చెంత 1000 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రము 2017లో పూర్తియైనది. మూడవది, అనంతపురము సీమలో ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. ఆ సీమలోని బొమ్మనహాళ్, కణేకల్లు మండలములలో హగరి యనబడు వేదవతి యేటి ఇసుక గాలికి లేచి పొలములపై పడుచుండుట అచ్చటి రైతులు తరతరములుగా చూచుచున్నదే. కావున ఎడారి మనకు మిక్కిలి దూరపు చుట్టము కాదు.

మరుభూమి స్వభావము

మన దేశమున ఎండ ఎడారికి ఉదాహరణము రాజస్థానమునందలి థారు మరుభూమి. జోధపురమున ఏడాదికి సుమారు 350 మిల్లీమీటర్ల వాన కురియును. పడమటనున్న జైసల్మేరున అది సుమారు 200 మిల్లీమీటర్లే. అదే చోట తెఱచియుంచిన తొట్టిలోని నీరు ఏడాదికి 2000 మిల్లీమీటర్లకు పైగా ఆవిరియై పోవును. అనగా ఆకాశ మిచ్చు నీటికన్న ఎండయు గాలియు పట్టుకొనిపోవు నీరు పదిరెట్లు. వేసవి వేడిమి యెంతటిదో చెప్పుటకు ఒక్క సంగతి చాలును: ఫలోదీ పట్టణమున 2016 మే 19వ తేదీన 51 డిగ్రీల వేడిమి నమోదైనది.

ఇట్టి చోట కర్మాగారము వెలసినచో దాని రేకుల కప్పులు, సిమెంటు ముంగిళ్ళు, తారు బాటలు పగలెల్ల వేడిని త్రాగి రాత్రియంతయు వెడలగ్రక్కును. ఎండ తగిలిన తారుబాట పైభాగము 60 డిగ్రీలు దాటుట సామాన్యము. లారీల రాకపోకలవలన నేల చితికి దుమ్ము లేచును. కట్టడములకై నేల చదును చేయునపుడు, ఇసుకను పట్టి యుంచిన గడ్డి దుబ్బులను పొదలను పెకలించివైతురు; అంతటితో నిలుకడగానున్న ఇసుక కదలసాగును. కావున ఎడారిలో పరిశ్రమ పెట్టువాడు చేయవలసిన మొదటి తోటపని మొక్క నాటుట కాదు, ఉన్న పొదను తీయకుండుట. ప్రకృతి వందయేండ్లలో ఉచితముగా పెంచిన దానిని యంత్రము ఒక పూటలో చెఱచును. దానిని తిరిగి తెచ్చుటకు పదియేండ్లును చాలకపోవచ్చును.

గాలికి దడి

ఎడారిలో నీటి తరువాత ఎన్నవలసినది గాలి. జోధపురమున 1952లో మరుభూమి వనపోషణ కేంద్రమొకటి స్థాపింపబడెను. 1959లో అది కేంద్రీయ శుష్కప్రాంత పరిశోధనా సంస్థగా రూపొందెను. కదలుచున్న ఇసుకతిన్నెలను నిలుపు పద్ధతి నొకదానిని ఆ సంస్థవారు స్థిరపఱచిరి. అందు మెట్లు మూడు. మొదట ఆ చోటికి పశువులు రాకుండ కంచె వేయుదురు. పిమ్మట ఎండిన రేగుకంప మొదలగువానిని సుమారు 5 మీటర్ల యెడముతో చదరంగపు గళ్ళవలె ఇసుకలో పాతుదురు. లేదా గాలికి అడ్డముగా వరుసలు తీర్తురు. ఈ చిన్న దడులచేత నేలమట్టపు గాలి వేగము తగ్గి ఇసుక కదలిక ఆగును. కడపట ఆ గళ్ళలో సేవణ్, అంజన్ గడ్డి విత్తనములను చల్లి, వానకాలమున చెట్ల మొక్కలను నాటుదురు. కంప కుళ్ళిపోవునప్పటికి గడ్డి వేరూని దాని పనిని తాను చేపట్టును. ఈ పద్ధతికి కావలసినది కంప, కూలి, ఓపిక మాత్రమే. హగరి యొడ్డున నున్న రైతులు సంఘముగా చేరినచో ఈ పని వారికిని అసాధ్యము కాదు.

కర్మాగారమునకు గాలికట్టు వేయునపుడు కొన్ని నియమములు పాటింపవలయును. మొదటిది, గాలికట్టు గోడవలె ఉండరాదు. గట్టిగోడకు తగిలిన గాలి పైకెగసి అవతల సుడిగా దిగి, తెచ్చిన ఇసుకను అచ్చటనే కుప్పవోయును. సుమారు సగము గాలిని పోనిచ్చు చెట్లవరుస గాలి వేగమును మెల్లగా తగ్గించును. దాని మేలు దూరమువఱకు ప్రాకును. చెట్టు ఎత్తునకు పదిరెట్ల దూరమువఱకు మంచి రక్షణయు, ఇరువదిరెట్ల దూరమువఱకు కొంత రక్షణయు లభించును. అనగా 20 అడుగుల చెట్లు 200 అడుగుల నేలను బాగుగను, 400 అడుగుల వఱకు కొంతగను కాపాడును. ఈ లెక్కనుబట్టి వరుసకును వరుసకును నడుమ ఎడము నిర్ణయించుకొనవలయును.

రెండవది, నడుమ ఎత్తైన చెట్లు, వానికి ఇరువైపుల చిన్నచెట్లు, అంచున పొదలు, వాని కావల గడ్డి — ఈ క్రమమున నాటినచో గాలికట్టు ఇంటికప్పువలె ఏటవాలుగా నుండి క్రింద సందు లేక పనిచేయును. పొడుగు చెట్లొక్కటే నాటినచో వాని మొదళ్ళ నడుమ గాలి మునుపటికన్న వడిగా దూసికొనివచ్చును. మూడవది, గాలికట్టునందు బాటకై విడిచిన సందు గాలికి గరాటువంటిది. బాట గాలికి ఎదురుగా తిన్నగా పోక ఏటవాలుగా పోవునట్లు ఏర్పఱచినచో ఈ కీడు తప్పును. నాలుగవది, ఇసుక పడుటకు చోటు విడువవలయును. అంచుగడ్డికిని గోడకును నడుమ ఖాళీ లేనిచో కొన్నియేండ్లలో ఇసుక గోడ నెక్కి ముంగిటిలోనికి దిగును. కడపటిది, కార్మికుల యిండ్లు పొగగొట్టములకు గాలి వచ్చు దిక్కున నుండవలెనే గాని గాలి పోవు దిక్కున నుండరాదు. ఇది తప్పినచో ఎన్ని చెట్లు నాటినను ఆ పొగ యిండ్లలోనికే పోవును.

నీటి జమాఖర్చు

ఇక అసలు లెక్కకు వత్తము. ఒక కర్మాగారమున 200 మంది పనివా రున్నారనుకొందము. స్నానపానములకును మరుగుదొడ్లకును తలకు రోజునకు 45 లీటర్ల చొప్పున 9000 లీటర్లు వాడబడును. అందు ఐదింట నాలుగు పాళ్ళు, అనగా 7200 లీటర్లు, మురుగుగా తిరిగివచ్చును. దానిని శుద్ధిచేసి తోటకు మళ్ళించినచో ఏమి పెంచగలము? వేసవిలో చెట్టునకు రోజునకు 40 లీటర్లు గొట్టపు బొట్టులద్వారా ఇచ్చినచో 180 చెట్లు పెరుగును. అదే నీటితో పచ్చిక పెంచదలచినచో చదరపు మీటరునకు రోజునకు సుమారు 10 లీటర్లు కావలయును గనుక 720 చదరపు మీటర్లు, అనగా 18 సెంట్ల నేల మాత్రమే తడియును. ఒకవైపు 180 చెట్ల నీడ. వేఱొకవైపు కార్యాలయము ముందట 18 సెంట్ల తివాసి. ఆ పచ్చిక మీద అధికారి కారు దిగి నడచునేమో గాని కూలివాని నెత్తిన నీడ పడదు. ఎడారిలో పచ్చిక వలదనుటకు ఇంతకన్న వాదము వేఱుగా నక్కఱలేదు.

జమ పద్దున చేర్పవలసినది మఱియొకటి కలదు. అది వాననీరు. ఎడారిలో వాన కొంచెమే యైనను కర్మాగారపు కప్పు పెద్దది. ఒక ఎకరము రేకుల కప్పుపై ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన పడినచో 8 లక్షల లీటర్లగును. నష్టములు పోగా ఆఱున్నర లక్షల లీటర్లు తొట్టిలో నిలుపవచ్చును. పైని చెప్పిన 180 చెట్లకు ఇది 90 దినముల నీరు. మార్వాడు ప్రజలు ఈ కిటుకు నెన్నడో ఎఱిగినవారు. ఇంటి ముంగిట భూమిలో టాంకా యను గుండ్రని తొట్టి త్రవ్వి, చుట్టు నేలను గట్టిపఱచి, వాననీటిని దానిలోనికి దింపి ఏడాది పొడుగున త్రాగుట వారి యాచారము. జైసల్మేరు ప్రాంతమున ఖడీన్ యను కట్టలను వాలునేలకు అడ్డముగా వేసి, ఎగువ రాతినేలలనుండి పాఱి వచ్చు నీటిని ఆపి, ఆ తడిలో గోధుమ, శనగ పండింతురు. పారిశ్రామిక వాడను ఏర్పఱచు ఇంజనీరు ఈ రెంటిని చూచి నేర్చుకొనదగును: బాటలు, ముంగిళ్ళు ఏ వైపు వాలునో ఆ వైపున చెట్ల పాదులు పల్లముగా నుండవలెను. బాటకన్న ఎత్తుగా మట్టిపోసి చుట్టు ఇటుక కట్టిన పాదు చూచుటకు అందముగా నుండవచ్చును. కాని వాననీ రంతయు దానిని తప్పించుకొని కాలువలోనికి పోవును.

ఉప్పు అను వడ్డీ

నీటి అప్పునకు వడ్డీ యొకటి గలదు. అది ఉప్పు. ఎడారి బావినీటిలోను శుద్ధిచేసిన మురుగునీటిలోను ఉప్పు కొంత యుండక తప్పదు. లీటరునకు 2 గ్రాము లున్నదనుకొందము. చెట్టునకు రోజునకు 40 లీటర్లు పోసినచో 80 గ్రాముల ఉప్పు. ఏడాది పొడుగున అంతే పోసినచో 29 కిలోగ్రాములు. చెట్టు నీటిని త్రాగును, ఎండ మిగిలినదానిని ఆవిరి చేయును. ఉప్పు మాత్రము పాదులోనే నిలిచిపోవును. మూడు నాలుగేండ్లకు ఆకుల అంచులు మాడి, "తెగులు పట్టినది" యని మందులు కొట్టుదురు. తెగులు కాదు, వడ్డీ పేరుకొన్నది.

దీనికి విరుగుడు రెండు విధములు. ఒకటి, అప్పుడప్పుడు చెట్టు అవసరమునకు మించి మంచినీరు విడిచి ఉప్పును వేళ్ళకు క్రిందుగా కడిగివేయుట. రెండు, ఆ కడిగిన నీరు దిగిపోవుటకు నేలలో దారి యుండుట. గల్ఫు తీరములందు సబ్ఖా యను ఉప్పు పఱ్ఱలలో నేలనీరు మిక్కిలి పైనే యుండి, దీపపువత్తిలో నూనె యెక్కినట్లు ఉప్పునీరు పైకి ప్రాకును. అట్టి చోట్ల ఇసుకపోసి నేల నెత్తు చేసి, అడుగున మురుగు గొట్టములు పఱచిన పిమ్మటనే నాటవలయును. సౌదీ అరేబియాలో 1975లో రాజాజ్ఞచే ఒక సంఘము నేర్పఱచి జుబైల్, యన్బు అను రెండు పారిశ్రామిక నగరములను ఎడారి తీరములందు కట్టిరి. అచ్చట శుద్ధిచేసిన మురుగునీటినే వేఱు గొట్టములద్వారా చెట్లకు పాఱించు ఏర్పాటు మొదటినుండియు నగర నిర్మాణములో భాగముగా చేసిరి. తోటను చివర అతికించిన అలంకారముగా గాక గొట్టములతోపాటు ఆలోచించుటయే అందలి విశేషము.

మూడు చెట్ల కథ

నీటి లెక్క, ఉప్పు లెక్క తేలిన పిమ్మటనే ఏ చెట్టన్న ప్రశ్న. దీనికి సమాధానముగా మూడు చెట్ల సంగతి చెప్పెదము. మూడును మన సభ్యు లెఱిగినవే.

మొదటిది సర్కారు తుమ్మ. ఇది అమెరికా ఖండపు చెట్టు. వంటచెఱకు కఱవును తీర్చు తలంపుతో మద్రాసు రాజధాని అటవీశాఖవారు విత్తనములు తెప్పించి 1877 ప్రాంతమున కడప జిల్లా కమలాపురమున నాటిరి. మన దేశమున దీని తొలి నాటులలో అది యొకటి. 1940లో జోధపురపు సంస్థానాధీశుడు దీనికి రాజవృక్షమను గౌరవమిచ్చి కాపాడుడని ప్రజలకు ఆజ్ఞ చేసెను. నీరు పోయనక్కఱలేదు, పశువు ఆకు ముట్టదు, నఱికినకొలది చిగిర్చును; ఎడారికి ఇంతకన్న నేమి కావలయునని ఆనాడు తోచెను. బీదలకు పొయ్యి కట్టెయు బొగ్గును దీనివలన లభించిన మాట నిజమే. కాని పశువు ఆకు ముట్టకపోయినను కాయలను తిని విత్తనములను పేడతో ఊరూర చల్లెను. ఇది గడ్డిని అణచి, బీళ్ళను ఆక్రమించి, చెఱువు లోతట్టులను ముంచినది. నేడు దానిని పెకలించుటకు ఎకరమునకు ఎంత వ్యయమగునో మన రైతులకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

రెండవది కోనోకార్పస్. మన పట్టణముల బాటల నడుమను, పాఠశాలల ప్రహరీల వెంటను శంఖాకారముగా కత్తిరించి నిలిపిన పచ్చని చెట్టిది. గల్ఫు దేశముల ఎడారి పట్టణములలో త్వరగా పెరిగి ఏడాదంతయు పచ్చగా నుండుననియు ఉప్పునకు ఓర్చుననియు దీనిని విరివిగా నాటిరి. అచ్చటి పేరు చూచి మనవారును తెచ్చిరి. కొన్నియేండ్లకు దాని వేళ్ళు నీటి గొట్టములను మురుగు కాలువలను వెదకుకొని పోయి పగులగొట్టుచున్నవని కువైటు మొదలగు చోట్ల తెలిసికొనిరి. గుజరాతు ప్రభుత్వము 2023లో దీనిని నాటరాదని ఆజ్ఞ యిచ్చినది. ఒక్క జాతినే వేలకొలది నాటుటవలన, దోషము బయటపడిననాడు తోట యంతయు ఒక్కసారిగా దోషమగుట ఇందలి రెండవ పాఠము.

మూడవది జమ్మి. విజయదశమినాడు మనము పూజించు చెట్టే థారు ఎడారిలో ఖేజ్డీ, గల్ఫు దేశములలో గాఫ్. రాజస్థానమునకు 1983లోను, తెలంగాణమునకు 2014లోను ఇది రాష్ట్రవృక్ష మైనది. ఐక్య అరబ్బు ఎమిరేట్లకు 2008లో జాతీయ వృక్షమైనది. దాని తల్లివేరు భూమిలో నూఱడుగుల లోతువఱకు దిగగలదు. పైపొర నీటికై పైరుతో పోటీపడదు. గాలిలోని నత్రజనిని నేలకు చేర్చు జాతి యగుటచే, దాని క్రింద సజ్జ బాగుగా పండునని మార్వాడు రైతు లెఱుగుదురు. కావుననే పొలములోని ఖేజ్డీని నఱకక కొమ్మలను మాత్రము కోసి ఆకును పశువులకు మేపుదురు. లేతకాయలు సంగ్రీ యను పేర కూర యగును. ఈ చెట్టు విలువ వారి కెంతటిదో చరిత్రయే చెప్పుచున్నది: 1730లో జోధపురపు కొలువువారు సున్నపు బట్టీల వంటచెఱకునకై ఖేజడ్లీ గ్రామమున ఈ చెట్లను నఱకవచ్చినపుడు, అమృతాదేవి మొదలుగా బిష్ణోయి మతస్థులు 363 మంది చెట్లను కౌగిలించుకొని ప్రాణములు విడిచిరి.

ఇంతటి చెట్టును పరిశ్రమలవారు తఱచు ఏల నాటరు? అది మెల్లగా పెరుగును. గుత్తదారు బిల్లు రెండేండ్లకు తీఱును. జమ్మి నీడ పది పదునైదేండ్లకు వచ్చును. ఇందువలననే త్వరగా పచ్చబడు చెట్టు గెలిచి, నిలుకడగల చెట్టు ఓడుచున్నది. కర్తవ్య మేమనగా, గాలికట్టులో శీఘ్రముగా పెరుగు వేప మొదలగు వానిని తాత్కాలిక రక్షణకై కొన్ని వరుసలు నాటి, వాని చాటున జమ్మిని పెంచుట. ఉప్పునేలయైనచో ఖర్జూరము, మిస్వాకు పుల్లల నిచ్చు పీలు చెట్టు తగును. ఏ జాతియు తోటలో అధికభాగము కాకుండ చూచుకొనవలయును.

కాలుష్యము, దాని చికిత్స

పచ్చదనము పేర ఎన్ని చెట్లు నాటినను, వాడ వెలుపలికి విషజలము పోవుచున్నచో అది తోట కాదు, తెర. రాజస్థానమునందలి పాలీ పట్టణమున బట్టల అద్దకపు పరిశ్రమలు వందలకొలది గలవు. వాని రంగునీరు బాండీ యేటిలో కలిసి, వానకాలమున మాత్రమే పాఱు ఆ యేఱు ఏడాది పొడుగున రంగుమురుగుతో పాఱసాగెను. దిగువ గ్రామముల బావులు చెడినవి, పొలములు చవుడు పట్టినవి. ఉమ్మడి శుద్ధికేంద్రములు కట్టినను మురుగు వాని శక్తిని మించెను. ఆ రైతులు సమితిగా ఏర్పడి జాతీయ హరిత న్యాయస్థానమున దావా నడపిరి. సమీపమునందలి జోజరీ నది కాలుష్యమును 2025లో సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు చేపట్టినది. ఒంటరి రైతు మొఱ ఆఫీసు గుమ్మము దాటదు. సంఘముగా చేరిన రైతుల మొఱ న్యాయస్థానమునకు చేరును. సహకార సభ్యులకు ఈ సంగతి వివరింప నక్కఱలేదు.

దీనికి ఎదురుగా మంచి ఉదాహరణము ఒమాను దేశపు నిమ్ర్ ఎడారిలో గలదు. అచ్చట భూమినుండి చమురుతోపాటు దానికి అనేకరెట్లు ఉప్పునీరు నూనెజిడ్డుతో వెలువడును. మునుపు దానిని విద్యుత్ యంత్రములచే లోతు పొరలలోనికి తిరిగి ఎక్కించుచుండిరి. ఆ వ్యయము మిక్కిలి భారము. 2010 తరువాత, ముందుగా నూనెను వేఱుచేసి, మిగిలిన నీటిని వందల హెక్టార్ల గడ్డిమడులగుండ పల్లమునకు మెల్లగా పాఱించు పద్ధతి చేపట్టిరి. ఆ గడ్డి మన కొల్లేటి కిక్కిస జాతిదే. దాని వేళ్ళనంటి బ్రదుకు సూక్ష్మజీవులు జిడ్డును తినివేయును. క్రమముగా ఈ మడులు దినమునకు లక్ష ఘనమీటర్లకు మించిన నీటిని శుద్ధిచేయు స్థితికి వచ్చినవి. పల్లమే పని చేయుటచే విద్యుత్తు మిక్కిలి స్వల్పము. ఎడారిలో బాటసారులైన పక్షులకు అది విడిదియైనది. కడకు నీరు ఆవిరి మడులకు చేరి ఉప్పు అడుగున మిగులును. గడ్డి నూనెను తొలగించును గాని ఉప్పును మాయము చేయలేదన్న మాట ఇచ్చటను గుర్తుంచుకొనవలయును.

సౌరఫలకముల నీడలో

థారులో నేటి పెద్ద పరిశ్రమ సూర్యరశ్మి. ఫలోదీ చెంత భాడ్లా సౌరవాడ సుమారు 14,000 ఎకరములలో 2,245 మెగావాట్ల శక్తితో నిలిచినది. ఇట్టి వాడలకై కొన్నిచోట్ల ఖేజ్డీ చెట్లు నఱకబడుచున్నవని బికనీరు, జైసల్మేరు ప్రాంతముల ప్రజలు ఆందోళన చేయుచున్నారు. ఊరి దేవత పేర మేతకై విడిచిన ఓరణ్ అను ఉమ్మడి భూములు పోవుచున్నవన్నదియు వారి బాధ. పొగలేని విద్యుత్తు లోకమునకు మేలే. కాని దానికై ఇసుకను పట్టియుంచు చెట్టును తీసివేసినచో ఆ దుమ్ము ఫలకములపైననే పడి విద్యుత్తును తగ్గించును. ఈ విషయమున జోధపురపు పరిశోధనా సంస్థవారు ఒక మార్గము చూపిరి: ఫలకముల వరుసల నడుమ పెసర, గోరుచిక్కుడు, జీలకఱ్ఱ, ఇసబ్‌గోలు, కలబందవంటి పొట్టి పైరులను పండించి, ఫలకములపై పడు వాననీటిని తొట్టిలో పట్టి, ఫలకములు కడుగుటకును పైరునకును వాడుట. నేల ఒకటే, రాబడి రెండు, దుమ్మును తగ్గును.

నీడ యెవరికి?

ఈ తోటలన్నింటి పరమార్థము మనిషి. ఎమిరేట్లు, సౌదీ అరేబియా ప్రభుత్వములు జూను నడుమ నుండి సెప్టెంబరు నడుమ వఱకు మధ్యాహ్నపు ఎండలో బయట పనిచేయించుట నిషేధించినవి. చట్టము పని నాపును గాని నీడ నియ్యదు. ఆ మధ్యాహ్నము పనివాడు ఎచ్చట కూర్చుండును? బస్సునకై ఎచ్చట నిలుచును? తోట వేయువాడు ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పి పిమ్మట ముఖద్వారపు అలంకారము నారంభింపవలెను. బసనుండి పనిచోటివఱకు నడచు దారి, బస్సు ఆగు చోటు, అన్నము తిను చోటు, త్రాగునీటి కుళాయి — ఈ నాలుగింటి వద్ద చెట్టు, చెట్టు పెరుగువఱకు పందిరి యుండవలయును. దూరదేశమున ఎండలో నిలుచువాడు మన యింటి బిడ్డయే.

మన సంఘములు చేయదగినవి

మన గ్రామమునకు ఒక పరిశ్రమ వచ్చుచున్నదని తెలిసినపుడు సంఘ సభ్యులు సభచేసి, పచ్చదనము మాట వచ్చినపుడు ఈ ప్రశ్నలను వ్రాతమూలముగా అడుగుట మంచిది. ఒకటి, తోటకు నీ రెచ్చటిది. మా బావులదా, మీ మురుగుదా? రెండు, కప్పులపై పడు వాననీరు ఎచ్చటికి పోవును? మూడు, ఉన్న చెట్లలో ఏవి నిలుపుదురు? నాలుగు, నాటు జాతు లేవి. పదియేండ్ల పిమ్మట వానిని పోషించు భారమెవరిది? ఐదు, కాలువ దిగువ పొలముల నీటిని ఎవరు, ఎన్ని మాసముల కొకమాఱు పరీక్షించి ఫలితము ఊరిలో చదివి వినిపింతురు?

వేఱొక పనియు కలదు. జమ్మి మొక్క నర్సరీలలో తఱచు దొరకదు. దొరకినను చిన్న సంచిలో తల్లివేరు చుట్టుకొని చెడియుండును. ఒక సంఘము ఊరి జమ్మిచెట్ల కాయలు ఏరి, విత్తనములను వేడినీటిలో నానవైచి, పొడుగైన లోతు సంచులలో మొక్కలు పెంచినచో, గాలికట్టులు కావలసిన పరిశ్రమలకును, గట్లపై నాటదలచిన రైతులకును సరసమైన వెలకు ఇయ్యవచ్చును. పెట్టుబడి స్వల్పము. దసరానాడు జమ్మియాకును బంగారమని పంచుకొను వాడుక మనకున్నది. ఆ చెట్టునే నీటిలెక్క చూచి నాటినచో, ఆ మాట మన మెట్టపొలములందు కొంతకొంతగా నిజమగును.